తెరుచుకోని ప్రోగ్రామ్ దేన్ని చదివి ఆగిపోయింది?

2018 ఫిబ్రవరిలో, శివరాత్రి దాటిన రెండు మూడు రోజులకు, తెలుగు అక్షరం ఒకటి ప్రపంచమంతటా వార్తల్లోకి ఎక్కింది. ఐఫోన్‌కో మ్యాక్ కంప్యూటర్‌కో ఎవరైనా ఒక రకమైన 'జ్ఞా'ను పంపితే చాలు, దాన్ని తెర మీద చూపించబోయిన అప్లికేషన్ ఉన్నపళంగా మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూతపడేది. మెసేజెస్ అయినా వాట్సాప్ అయినా ట్విటర్ అయినా అదే తంతు.

శ్రీకాళహస్తిలో ఆ అక్షరం నోట పలకని రోజు ఉండదు. ఇక్కడి అమ్మవారు జ్ఞానప్రసూనాంబ. పెళ్లి పత్రికల నెత్తిన ఉండేది ఆ పేరే, ఇళ్లల్లో ఆడపిల్లలకు పెట్టుకునేదీ ఆ పేరే. బ్రహ్మోత్సవాల ఫొటోలు ఫోన్ల నుంచి ఫోన్లకు పోయే రోజుల్లోనే ఆ అక్షరం ఫోన్లను కూలుస్తోందన్న వార్త వచ్చింది.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. మనం మామూలుగా టైపు చేసే 'జ్ఞా' వల్ల ఏ ఫోనుకూ ఏమీ కాలేదు. కంప్యూటర్ లోపల ఈ అక్షరం నాలుగు సంకేతాల వరస: జ, పొల్లు, ఞ, దీర్ఘం. చిక్కు తెచ్చిన వరసలో ఐదోది ఒకటి చేరింది. ఞకూ దీర్ఘానికీ మధ్య, కంటికి కనిపించని ఒక గుర్తు. 'ఇక్కడ అక్షరాలను కలపవద్దు' అని చెప్పడం దాని పని. దానంతట అది చెడ్డదేమీ కాదు. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట్ కింద వ వత్తు పడకుండా ఆపేది అదే. ఈ వ్యాసంలోనూ చాలాచోట్ల ఉంది. ఉండకూడని చోట ఉండటమే అసలు గొడవ. ఆపిల్ యంత్రాల్లో అన్ని అప్లికేషన్లకూ అక్షరాలు పేర్చిపెట్టే భాగం ఒకటుంది, దాని పేరు కోర్‌టెక్స్ట్. ఆ ఐదు సంకేతాలనూ పేర్చబోయి అది మెమరీని పాడుచేసుకునేది. దాన్ని వాడుకుంటున్న అప్లికేషన్ దాంతోపాటే కూలిపోయేది. తెలుగులోనే కాదు, దేవనాగరిలోనూ బెంగాలీలోనూ ఇలాంటి వరసలు కొన్ని ఇదే పని చేసేవి. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6ను, మ్యాక్ హై సియెర్రాకు ఒక అనుబంధ అప్‌డేట్‌ను విడుదల చేసి సరిదిద్దింది.

ఆ మధ్య రోజుల్లో చిక్కుకున్నవాళ్లు ఎలా బయటపడ్డారు? అప్లికేషన్‌ను తీసేసి మళ్లీ వేసుకున్నా లాభం లేదు. పాత సంభాషణ తిరిగి రాగానే కథ మొదటికే వస్తుంది. పనికొచ్చిన ఉపాయం వేరు: స్నేహితుడితో ఇంకో మాట పంపించుకుంటే, తెరవగానే కనిపించే చివరి సందేశం మారిపోయేది. లేదా వేరే యంత్రం నుంచి ఆ సంభాషణను తుడిచేసేవాళ్లు. ప్రోగ్రామ్‌ను ఎవరూ ముట్టుకోలేదు. అది తెరుచుకోగానే చదివేదాన్ని మార్చారు, అంతే.

అప్‌డేట్ అయిన మర్నాడు తెరుచుకోవడం మానేసిన ఏ డెస్క్‌టాప్ అప్లికేషన్‌నైనా ఈ కంటితోనే చూడాలని నా గట్టి అభిప్రాయం. మనం ఐకాన్ మీద రెండుసార్లు నొక్కుతాం. చిన్న చక్రం తిరుగుతుంది, ఆగిపోతుంది, కిటికీ రాదు. వెంటనే 'ప్రోగ్రామ్ పాడైపోయింది' అంటాం. కానీ ఆ రెండు మూడు సెకన్లలో జరిగే పని చాలా ఉంది. విండోస్ ముందు ప్రోగ్రామ్ ఫైలును మెమరీలోకి తెస్తుంది. దానికి కావలసిన డీఎల్ఎల్ ఫైళ్లు, అంటే నలుగురూ కలిసి వాడుకునే కోడ్ మూటలు, ఎక్కడున్నాయో వెతికి జతచేస్తుంది. అప్పుడు ప్రోగ్రామ్ లేచి తన సెట్టింగులు చదువుకుంటుంది, లైసెన్స్ చూసుకుంటుంది. నిన్న మూసిన ఫైళ్ల పట్టీ, ప్లగిన్లు, ఫాంట్లు, ప్రింటర్, గ్రాఫిక్స్ డ్రైవర్ అన్నింటినీ పలకరించుకుంటూ పోతుంది. ఇవన్నీ అయ్యాకే మొదటి కిటికీ. ఏ మెట్టు మీద జారిపడినా బయట మనకు కనిపించేది ఒకటే, నిశ్శబ్దం.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లకు ఈ సంగతి వివరించనక్కర్లేదు. కరక్కాయ పొడి, ఎనుము పాలు కలిపిన నీళ్లలో గుడ్డను ముందే నానబెట్టి ఆరబెడతారు. ఆ తర్వాతే ఇనుము, బెల్లం పులియబెట్టి తీసిన నల్లరంగుతో గీత గీస్తారు. గీత పక్కలకు పాకిపోతే కలాన్ని తిట్టరు, పాలు సరిగా పట్టలేదని గుర్తిస్తారు. లోపం బయటపడిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు.

అప్‌డేట్ మార్చేది ప్రోగ్రామ్‌నే. మన ఫోల్డర్లలో ఏళ్లుగా పేరుకున్న సెట్టింగులనూ ఫాంట్లనూ పాత డీఎల్ఎల్‌లనూ అది చాలావరకు అలాగే వదిలేస్తుంది. కొత్తదీ పాతదీ ఎదురుపడే చోటే తగాదా.

2024 మే నెలలో వచ్చిన చిక్కు ఇందుకు మంచి ఉదాహరణ. మైక్రోసాఫ్ట్ తన విజువల్ స్టూడియో 2022లో 17.10 కూర్పు విడుదల చేసింది. సీ ప్లస్ ప్లస్ భాషలో ప్రోగ్రాములు తయారుచేసే పరికరం అది. రెండు పనులు ఒకేసారి ఒకే డేటా మీద పడకుండా వేసే తాళాన్ని, దాన్ని మ్యూటెక్స్ అంటారు, మొదట సిద్ధంచేసే పద్ధతిని అందులో మార్చారు. కొత్త పరికరంతో తయారైన ప్రోగ్రామ్ వచ్చి, పాత ఎంఎస్‌వీసీపీ140 డీఎల్ఎల్ ఉన్న కంప్యూటర్లో లేచిందనుకోండి, మొదటి తాళం వేయబోయి అక్కడికక్కడే కూలిపోతుంది. ప్రోగ్రామ్ తప్పు లేదు, డీఎల్ఎల్ కూడా తన కాలానికి సరైనదే. ప్రోగ్రామ్‌ను తయారుచేసిన పరికరం కన్నా యంత్రంలోని డీఎల్ఎల్ పాతది కాకూడదన్నది మైక్రోసాఫ్ట్ నియమం. ఆ నియమం తప్పింది. మందు కూడా తేలికే: మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే, ఆ డీఎల్ఎల్ కూడా ఉండే విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ తాజా కూర్పు వేసుకోవడం. ఫలానా డీఎల్ఎల్ లేదని తెర మీద వస్తే ఆ పేరుతో ఇంటర్నెట్‌లో వెతికి, దొరికిన చోటల్లా ఒంటరి ఫైలు దించుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. ఆ ఫైలు ఏ కూర్పుదో, లోపల ఏముందో చెప్పేవాడు ఉండడు.

డీటీపీ సెంటర్ల కష్టం వేరు. శ్రీకాళహస్తి లాంటి ఊళ్లో పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే కంప్యూటర్లో తెలుగు ఫాంట్లే వందల్లో ఉంటాయి. ఎప్పుడో ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చినవి, రెండుసార్లు వేసినవి, సగం కాపీ అయినవి అన్నీ అందులోనే. ఫొటోషాప్ వంటి ప్రోగ్రామ్ లేస్తూనే ఫాంట్ల సంగతి చూసుకుంటుంది. పాత కూర్పు చూసీచూడనట్టు వదిలేసిన చెడ్డ ఫాంట్ దగ్గర కొత్త కూర్పు బిగుసుకుపోవచ్చు. ఇలాంటి ప్రోగ్రాముల్లో మొదట వచ్చే బొమ్మ కింద, ఇప్పుడేం చదువుతున్నదీ చిన్న అక్షరాల్లో పరిగెడుతుంటుంది. మాయమయ్యే ముందు చివరిగా నిలిచిన మాట ఏదో ఫోన్‌తో వీడియో తీసి చూసుకోండి. అది ఫాంట్ల గురించో ప్లగిన్ల గురించో అయితే సగం పని అయినట్టే.

వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలి? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. కిటికీ లేకుండానే ఆ ప్రోగ్రామ్ లోపల నడుస్తోందేమో చూడండి. అప్‌డేట్‌కు ముందు సరిగా మూతపడని పాతది అక్కడే ఉండిపోతే, 'నేను ముందే తెరుచుకుని ఉన్నాను' అనుకుని కొత్తది తప్పుకుంటుంది. దాన్ని ఆపేసి మళ్లీ తెరవండి. యాంటీవైరస్ కొత్త ఫైలును అనుమానించి పక్కన పెట్టేసిందేమో కూడా ఇప్పుడే చూసేయండి.

అక్కడ తేలకపోతే ఈవెంట్ వ్యూయర్. స్టార్ట్ మెనూలో ఆ పేరు టైపు చేస్తే వస్తుంది. విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ అన్న చోట, మీ ప్రోగ్రామ్ కూలిన వేళకు ఎర్ర గుర్తుతో 1000 నంబరు నమోదు ఉంటుంది. అందులో రెండు సంగతులు కావాలి. కూలింది ఏ ప్రోగ్రామో కాదు, అది మనకు తెలుసు. దాని లోపల ఏ మాడ్యూల్ (ప్రోగ్రామ్ వాడుకునే ఫైలు) దగ్గర కూలింది, ఏ కోడ్‌తో కూలింది అన్నవి. మాడ్యూల్ పేరు గ్రాఫిక్స్ కార్డు కంపెనీ డ్రైవర్‌ది అయితే దారి అటు. ఎంఎస్‌వీసీపీ అయితే ఇందాక చెప్పిన కథ. కోడ్ చివర 135 ఉంటే కావలసిన డీఎల్ఎల్ దొరకలేదని. సున్నాల చివర 5 ఉంటే తనది కాని మెమరీని ముట్టుకుందని. తెర మీద వచ్చే 'ఏదో పొరపాటు జరిగింది' అనే సందేశం కన్నా ఈ రెండు ముక్కలు నూరు రెట్లు మేలు.

తర్వాతిది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష. ఇందులో దేన్నీ పాడుచేసే భయం లేదు. విండోస్‌లో కొత్త యూజర్ ఖాతా ఒకటి పెట్టి, అందులోకి వెళ్లి అదే ప్రోగ్రామ్‌ను తెరవండి. అక్కడ తెరుచుకుంటే ప్రోగ్రామ్ బాగానే ఉంది, మీ సెట్టింగుల్లోనో మీ ఖాతాలో ఉన్న మరొకదానిలోనో తేడా ఉంది. అక్కడా తెరుచుకోకపోతే ఖాతాలన్నీ కలిసి వాడుకునే డీఎల్ఎల్‌లు, డ్రైవర్, ఫాంట్లు, లేదా ప్రోగ్రామే. ఒక్క దెబ్బతో వెతకాల్సిన చోటు సగమవుతుంది.

తేడా సెట్టింగుల్లో అని తేలితే వాటిని పక్కకు జరపాలి. తుడిచేయకూడదు. విండోస్ మీటతో ఆర్ నొక్కి, రెండు పర్సెంట్ గుర్తుల మధ్య యాప్‌డేటా అని ఇంగ్లీషులో కొడితే, మామూలుగా కనిపించకుండా దాగి ఉండే ఫోల్డర్ తెరుచుకుంటుంది. కొన్ని ప్రోగ్రాములు దాని పక్కనే ఉన్న లోకల్ అనే ఫోల్డర్లోనూ దాచుకుంటాయి. మీ ప్రోగ్రామ్ పేరున్న ఫోల్డర్ చివర 'పాత' అని చేర్చి పేరు మార్చండి. ఈసారి తెరిస్తే ఆ పేరు కనిపించక, ప్రోగ్రామ్ కొత్తగా పుట్టినట్టు మొదలవుతుంది. తెరుచుకుందా, దోషి ఆ ఫోల్డర్లోనే ఉంది.

ఇదే పనిని మీటలతో చేసుకునే దారులూ ఉన్నాయి. కోరల్‌డ్రా లేస్తుండగా ఎఫ్8 పట్టుకుంటే దాని అమరిక మొదటి స్థితికి వస్తుంది. వర్డ్‌ను కంట్రోల్ పట్టుకుని తెరిస్తే సేఫ్ మోడ్‌లో తెరవమంటావా అని అడుగుతుంది. ఫొటోషాప్‌కు కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ కలిపి పట్టుకోవాలి. ఇది సెట్టింగులను తుడిచేస్తుంది కనుక ముందే కాపీ తీసుకోండి. మ్యాక్‌లో షిఫ్ట్ పట్టుకుని తెరిస్తే నిన్నటి కిటికీలను మళ్లీ తెరవకుండా వస్తుంది.

ఇంత శ్రమ ఎందుకు, 'సిస్టమ్ ఫార్మాట్ కొట్టించేస్తే పోలా' అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఫార్మాట్‌తో దోషి పోతుంది, నిజమే. దాంతోపాటు సీ డ్రైవ్‌లో, డెస్క్‌టాప్ మీద ఉన్న ఏళ్ల నాటి పనీ పోతుంది. డీటీపీ వాళ్లకు ఇంకో ప్రమాదం. 'అను' వంటి పాత ఫాంట్లలో కొట్టిన ఫైళ్లు, ఏ ఫాంటుకైనా ఒకటే సంకేతాలు ఉండే యూనికోడ్‌లో ఉండవు. ఆ ఫాంట్ పోతే ఫైలు ఉన్నా తెలుగు ఉండదు, ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ కలగలిసిన వరసలు కనిపిస్తాయి. పైగా కారణం తెలియకుండా పోయిన జబ్బు తిరిగి వస్తుంది. పాత ఫాంట్ల పెన్‌డ్రైవ్ మళ్లీ పెట్టి అన్నీ ఒకేసారి వేసుకున్న రోజునే ఆ చెడ్డ ఫాంటూ తిరిగొస్తుంది.

'పాత కూర్పు వేసేసుకుంటే సరి' అన్నది ఇంకో సలహా. కొన్నిసార్లు పనిచేస్తుంది. అయితే కొత్త కూర్పు ఒక్కసారి లేచిందంటే సెట్టింగులను తన పద్ధతికి మార్చేసి ఉండొచ్చు, వాటిని పాతది చదవలేకపోవచ్చు. ఫైర్‌ఫాక్స్ 2019లో వచ్చిన 67వ కూర్పు నుంచి ఈ విషయంలో జాగ్రత్త తీసుకుంది. కొత్తది వాడిన ప్రొఫైల్‌ను పాత కూర్పుతో తెరవబోతే ఆపి హెచ్చరిస్తుంది. అన్ని ప్రోగ్రాములూ అంత మర్యాదగా చెప్పవు. అందుకే అప్‌డేట్‌కు ముందే సెట్టింగుల ఫోల్డర్ కాపీ ఒకటి ఉండాలి.

ఈ తరహా లోపం ఎంత దూరం పోగలదో 2024 జులై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు ఆ ఉదయం, మన కాలమానంలో 9 గంటల 39 నిమిషాలకు, ఒక చిన్న డేటా ఫైలు అప్‌డేట్‌గా వెళ్లింది. అందులో ఒక భాగం 21 విలువల కోసం ఎదురుచూసింది, ప్రోగ్రామ్ ఇచ్చింది 20. లేని ఇరవై ఒకటో దాన్ని చదవబోయి ప్రోగ్రామ్ కూలింది. విండోస్ గుండెకాయలోనే నడిచే సాఫ్ట్‌వేర్ కనుక కంప్యూటర్నీ వెంట లాక్కుపోయింది. తిరిగి ఆన్ చేస్తే మళ్లీ అదే ఫైలు, మళ్లీ నీలి తెర. మైక్రోసాఫ్ట్ లెక్కన 85 లక్షల యంత్రాలు. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. తప్పు ఫైలును కంపెనీ 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది, కానీ అప్పటికే పడిపోయిన యంత్రం సవరణను అందుకునేంతసేపు లేచి నిలబడలేదు. చాలాచోట్ల మనుషులు ఒక్కో కంప్యూటర్ ముందుకు వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, 291 అంకె ఉన్న ఆ ఫైలును తుడవాల్సి వచ్చింది. ఎవరూ విండోస్ మళ్లీ వేయనక్కర్లేదు. ఒక్క ఫైలు తీస్తే చాలు.

మన కంప్యూటర్ దగ్గరికి వస్తే, 'పాత' అని పేరు మార్చిన ఫోల్డర్ ఇంకా అక్కడే ఉంది. అందులో మీ బ్రష్‌లు, షార్ట్‌కట్లు, ఏళ్లుగా తీర్చుకున్న అమరికలు ఉన్నాయి. ప్రోగ్రామ్‌ను మూసి, అందులోంచి సగం ఫైళ్లను కొత్త ఫోల్డర్లోకి తెచ్చి తెరిచి చూడండి. తెరుచుకుంటే దోషి మిగతా సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. వంద ఫైళ్లున్నా ఏడు విడతల్లో ఒక్క ఫైలు మిగులుతుంది. చెడ్డ ఫాంట్‌ను పట్టుకోవడానికీ ఇదే పద్ధతి. దొరికిన ఫైలును పారేయకుండా జిప్ చేసి, ప్రోగ్రామ్ కూర్పు సంఖ్య, విండోస్ కూర్పు సంఖ్య, ఈవెంట్ వ్యూయర్‌లోని మాడ్యూల్ పేరు, కోడ్ రాసి ప్రోగ్రామ్ తయారుచేసినవాళ్లకు పంపండి. ఆ ఫైలు చేతికొస్తే వాళ్లు తమ కంప్యూటర్లోనూ అదే లోపాన్ని రప్పించి చూడగలరు.