పెరిగే కార్ఖానాకు విద్యుత్ తీగల ప్రణాళిక

పరిశ్రమ స్థాపించదలచిన యువకుడు మొట్టమొదట స్థలాన్ని గూర్చి, పిదప పెట్టుబడిని గూర్చి, ఆ తరువాత యంత్రాలను గూర్చి ఆలోచిస్తాడు. విద్యుత్ తీగల ప్రస్తావన అన్నింటికంటె చివర వస్తుంది. చేతిలో మిగిలిన సొమ్ముకు లోబడి, ఆనాటికి ఉన్న యంత్రాలకు సరిపోయేటట్లు ఆ పని ముగిసిపోతుంది. ఏడాది తిరిగేసరికి గిరాకీ పెరిగి మరొక యంత్రం వస్తుంది. దానికి కావలసిన తీగలను పాత యంత్రపు స్విచ్చి నుండే లాగుతారు. మూడవ యంత్రానికీ అంతే. ఈ విధంగా కార్ఖానా పెరుగుతుంది గాని గోడలోని తీగ పెరగదు. మోటార్లు తరచు కాలిపోవడానికీ, కొన్ని అగ్నిప్రమాదాలకూ, ఒక్కొక్కప్పుడు పనివాని ప్రాణాపాయానికీ ఈ పెరగని తీగయే మూలమవుతున్నది.

కార్ఖానా, మిస్త్రీ అనే మాటలు ఉర్దూ మాట్లాడేవారికీ, తెలుగు మాట్లాడేవారికీ సమానంగా సొంతమైనవే. మన విద్యార్థులలో పలువురు రేపు ఏదో ఒక కార్ఖానాకు యజమానులో, పర్యవేక్షకులో కాగలరు. వారు స్వయంగా తీగలు బిగించనక్కరలేదు. కాని మిస్త్రీకి ఏమి చెప్పవలెనో, అతడు చేసిన పనిలో ఏమి చూడవలెనో తెలిసి ఉండడం అవసరం. ఆ మేరకే ఈ వ్యాసం.

విషయాన్ని స్థూలంగా ముందే చెప్పవచ్చు. విద్యుత్ ఏర్పాటులో రెండు రకాల భాగాలు ఉంటాయి. గోడలోను, నేలలోను దాగిపోయేవి కొన్ని: ప్రధాన తీగ, తీగలు నడిచే పైపులు, ఎర్తు గుంటలు. బోర్డుపై మరలతో బిగించి ఉండేవి కొన్ని: స్విచ్చులు, ఫ్యూజులు, స్టార్టర్లు. మొదటి రకాన్ని రేపటి అవసరానికి తగినట్లు, రెండవ రకాన్ని నేటి అవసరానికి తగినట్లు అమర్చుకొనవలెను. స్టార్టరును అరగంటలో మార్చవచ్చు. గోడ పగులగొట్టి పైపు మార్చాలంటే పని ఆపవలసి వస్తుంది. అందుకే ఎవరూ మార్చరు.

ఒక చిన్న ఇంజనీరింగు కార్ఖానాను ఊహించుకుందాము. ప్రారంభంలో 3 అశ్వశక్తుల లేతు ఒకటి; డ్రిల్లింగు యంత్రం, సాన యంత్రం, ఇనుము కోసే రంపపు యంత్రం ఒక్కొక్క అశ్వశక్తి చొప్పున మూడు. మొత్తం 6 అశ్వశక్తులు. ఒక అశ్వశక్తి 746 వాట్లకు సమానం కనుక ఇది దాదాపు నాలుగున్నర కిలోవాట్లు. 415 వోల్టుల త్రీ ఫేజు సరఫరాపై చిన్న మోటార్లు ఒక్కొక్క అశ్వశక్తికి ఇంచుమించు ఒకటిన్నర ఆంపియర్లు తీసుకుంటాయి. అనగా అన్నీ కలిసి నడిచినా 9 ఆంపియర్లు. దీనికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ధారాళంగా చాలును. మిస్త్రీ అదే వేస్తాడు. అతని తప్పు లేదు.

మూడేండ్లలో మరొక లేతు, 5 అశ్వశక్తుల కంప్రెసరు, 5 అశ్వశక్తుల రేకు కోసే యంత్రం వచ్చాయనుకుందాము. మొత్తం 19 అశ్వశక్తులు, సుమారు 28 ఆంపియర్లు. ప్రవాహం మూడింతలకు కొంచెం పైన. మూడింతలే గదా అని చాలామంది అనుకుంటారు. కాని తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. మూడింతల ప్రవాహానికి తొమ్మిదింతల వేడి. ఇక్కడ దాదాపు పదింతలు. పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు ఈ వేడికి క్రమంగా గట్టిపడి, పెళుసై, పగుళ్లు తీస్తుంది. ఇది ఒక్కరోజులో జరగదు. నెలల తరబడి ఏ సూచనా లేకుండా జరిగి, ఒకనాటి మధ్యాహ్నం పొగగా బయటపడుతుంది.

అన్ని యంత్రాలూ ఏకకాలంలో నడవవు గదా అనే ప్రశ్న న్యాయమైనదే. లెక్కలో ఆ మినహాయింపుకు చోటు ఉన్నది. కాని గిరాకీ ఎక్కువగా ఉన్న రోజులలో, అంటే పండుగ ముందు వారాలలో, అన్నీ కలిసే నడుస్తాయి. తీగను ఆ రోజుకే లెక్కించవలెను. పై కార్ఖానాకు మొదటనే 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను ప్రధాన తీగగా వేసి ఉంటే మూడేండ్ల తరువాత గోడను ముట్టుకొనే పని ఉండేది కాదు. పైపులలో సగానికి పైగా ఖాళీ వదలడం, బోర్డుపై మూడు నాలుగు స్విచ్చులకు చోటు ఉంచడం కూడ ఇటువంటివే. ఖాళీ స్థలానికి ఖర్చు స్వల్పం.

తీగ చాలకపోయినప్పుడు మొట్టమొదట హెచ్చరించేది ఫ్యూజు. అది తరచు కాలిపోతూ ఉంటుంది. అప్పుడు మన కార్ఖానాలలో జరిగే పని అందరికీ తెలిసినదే: ఫ్యూజు తీగకు బదులు రెండు పోగులు, మూడు పోగులు, ఆఖరుకు లావుపాటి రాగి తీగ ముక్క. ఇక ఫ్యూజు కాలదు. దానికి బదులు గోడలోని తీగ కాలుతుంది. ఫ్యూజు యంత్రాన్ని కాపాడడానికి ఉన్నదని చాలామంది భ్రమ. అది ప్రధానంగా కాపాడేది తీగను. యంత్రాన్ని కాపాడేది స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే. కనుక ఫ్యూజు గాని, నేడు వాడుకలో ఉన్న ఎం.సి.బి. గాని తీగ మోయగల ప్రవాహానికి మించి ఉండరాదు. ఎం.సి.బి. పదే పదే పడిపోతున్నదని ఇంకా పెద్దది తెచ్చి బిగించడం రాగి తీగ చుట్టడానికి కొత్త రూపమే.

రిలేను మోటారు పేరుపలకపై రాసి ఉన్న ఆంపియర్లకు సరిచేసి ఉంచవలెను. స్టార్–డెల్టా స్టార్టరులో రిలే సాధారణంగా మోటారు చుట్ల మార్గంలో ఉంటుంది. అక్కడ పలకపై ఉన్న సంఖ్యలో 58 శాతానికి అమర్చవలెను. ఈ సంగతి తెలియక పూర్తి సంఖ్యకు అమర్చినందున కాలిపోయిన మోటార్లు రీవైండింగు దుకాణాలకు కొదువ లేకుండా వస్తుంటాయి. మూడు ఫేజులలో ఒకటి పోయినప్పుడు నడుస్తున్న మోటారు ఆగదు. మిగిలిన రెండింటి నుండి దాదాపు ఒకటి ముప్పాతిక రెట్లు ప్రవాహం లాగుతూ, మూలుగుతూ నడిచి కాలిపోతుంది. రిలే సక్రమంగా ఉంటేనే అది బ్రతుకుతుంది. సింగిల్ ఫేజ్ ప్రివెంటరు అనే చిన్న పరికరం ఒక మోటారు రీవైండింగు తప్పించినా తన వెల తాను సంపాదించుకున్నట్లే.

మోటారు బయలుదేరేటప్పుడు నేరుగా సరఫరాకు కలిపితే మామూలు ప్రవాహానికి ఆరేడు రెట్లు లాగుతుంది. కొద్ది క్షణాలే అయినా ఆ సమయంలో వోల్టేజి దిగి దీపాలు మసకబారుతాయి. ఈ దిగుదల దూరాన్ని బట్టి, తీగ మందాన్ని బట్టి, లోహాన్ని బట్టి ఉంటుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం కిలోమీటరుకు 7.4 ఓములు, అదే మందం గల అల్యూమినియం తీగది 12 ఓములు. మోటారు తిప్పుడు బలం వోల్టేజి వర్గంతో తగ్గుతుంది గనుక వోల్టేజి 10 శాతం తగ్గితే బలం 19 శాతం తగ్గుతుంది. బరువుతో బయలుదేరవలసిన కంప్రెసరు ఆ స్థితిలో తిరగలేక నిలిచిపోయి వేడెక్కుతుంది. అందుచేత మీటరును వీధి ద్వారం వద్దను, బరువైన యంత్రాలను వెనుక షెడ్డులోను పెట్టదలచినవారు మధ్య తీగను లావుగా వేయవలెను, లేదా యంత్రాలనే ముందుకు జరుపుకొనవలెను. స్టార్–డెల్టా పద్ధతి బయలుదేరే ప్రవాహాన్ని మూడవ వంతుకు తగ్గిస్తుంది. బలాన్నీ మూడవ వంతుకే తగ్గిస్తుంది. బరువు తగిలించకుండా బయలుదేరే యంత్రాలకే అది మేలు. ఈనాడు ఎలక్ట్రానిక్ డ్రైవులు వచ్చి ఈ చిక్కును చాలవరకు తీర్చాయి. వెల భరించగలిగితే కంప్రెసరు వంటి వాటికి అవే ఉత్తమం.

అల్యూమినియం తీగను గూర్చి ఒక మాట. పాత భవనాలలో అది ఇప్పటికీ ఎక్కువగానే ఉన్నది. మర క్రింద అది నలిగి కాలక్రమాన వదులవుతుంది; పైన పొర కట్టి ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. రాగిని, అల్యూమినియాన్ని ఒకే మర క్రింద మెలిపెట్టి బిగించడం మరీ హానికరం. పాత భవనం అద్దెకు తీసుకొని యంత్రాలు పెట్టేవారు ముందుగా బోర్డు విప్పించి చూడడం మంచిది.

ఇక ఎర్తు. ఈ వ్యాసమంతటిలో ప్రాణంతో నేరుగా ముడిపడిన విషయం ఇదే. యంత్రం లోపల తీగ తొడుగు చెడి ఇనుప శరీరానికి తగిలిందనుకుందాము. ఎర్తు మార్గం మొత్తం నిరోధం 10 ఓములు ఉంటే 230 వోల్టుల వద్ద 23 ఆంపియర్లు ప్రవహిస్తాయి. అక్కడ 63 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే అది ఎన్నటికీ కాలదు. యంత్రం నడుస్తూనే ఉంటుంది. దాని ఒంటిపై విద్యుత్తు నిలిచే ఉంటుంది. తడి చేతితో తాకినవాడు బలియవుతాడు. ఎర్తు ఉన్నది గదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు; ఎంత నిరోధం గల ఎర్తు అన్నదే ప్రశ్న. దానిని కొలవడానికి సాధనం ఉన్నది, కొలిపించవలెను. హైదరాబాదు వంటి రాతినేలలో ఈ చిక్కు మరింత ఎక్కువ. రెండడుగులు త్రవ్వగానే బండ తగిలితే పనివారు పైపును కోసి పొట్టిగా పాతి, పైన సిమెంటు మూత పెట్టి పోతారు. భారత ప్రమాణం ప్రకారం పైపు ఎర్తుకు రెండున్నర మీటర్లకు తగ్గని పొడవు ఉండవలెను. గుంట మూయక ముందే యజమాని చూసుకొనవలసిన పని ఇది. బొగ్గు, ఉప్పు వేయడమే గాక ఎండాకాలంలో గుంటలో నీరు పోయించడం కూడ మరువరాదు.

స్థిరంగా బిగించిన ప్రతి మోటారుకు రెండు వేర్వేరు ఎర్తు సంబంధాలు ఉండవలెనని 1956 నాటి భారత విద్యుత్ నియమాలు విధించాయి. ఆ నియమాల స్థానంలో 2010లోను, తిరిగి 2023లోను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు వెలువడ్డాయి. ఒకటి తెగినా రెండవది నిలవడమే ఈ రెండు సంబంధాల ఉద్దేశం. రెండింటినీ ఒకే మరకు బిగిస్తే ఒక్కటి ఉన్నట్లే. వీటికి తోడు చేతితో పట్టుకొని పనిచేసే డ్రిల్లు, సాన వంటి పరికరాల మార్గంలో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే సరఫరా నిలిపివేసే బ్రేకరు తప్పనిసరిగా ఉండవలెను. మనిషిని చంపడానికి ఆంపియరులో ఇరవయ్యో వంతు చాలును. ఏ ఫ్యూజూ అంత సూక్ష్మాన్ని గుర్తించలేదు. కళాశాలల ప్రయోగశాలలకు, నీటి పంపులకు, కంప్యూటరు గదులకు కూడ ఈ మాట వర్తిస్తుందని నిర్వాహక సంఘంవారికి మనవి.

వెల్డింగు సెట్టు ఒక ప్రత్యేకమైన అతిథి. అది ఒకటి రెండు ఫేజుల నుండే, అదీ విట్టువిట్టుగా, పెద్ద ప్రవాహం లాగుతుంది. దానికి ప్రధాన బోర్డు నుండి వేరే తీగ ఉండవలెను. లేతు స్విచ్చి నుండి దానిని కలపడం అన్ని విధాలా అనర్థం. దీపాలను మూడు ఫేజులపై సమంగా పంచవలెను. న్యూట్రల్ తీగలో ఫ్యూజు పెట్టరాదు, అది వదులుగా ఉండరాదు. న్యూట్రల్ తెగినప్పుడు 230 వోల్టుల దీపాలపై 400 వోల్టుల వరకు పడవచ్చు.

విద్యుత్తు పోయి తిరిగి వచ్చినప్పుడు ఏ యంత్రమూ తనంతట తాను తిరగడం ప్రారంభించరాదు. స్టార్టరులోని నో–వోల్ట్ కాయిలు పని ఇదే. అది చెడినప్పుడు మీటకు పుల్ల గుచ్చి యంత్రం నడిపించే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. కరెంటు పోయిందని లేతు చక్కాలో చేయి పెట్టి శుభ్రం చేస్తున్నవాని గతి ఏమో ఊహించుకొనవచ్చు. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరిశ్రమలకు పవర్ హాలిడేలు విధించిన కాలంలో ఎన్నో చిన్న కార్ఖానాలు జనరేటర్లు కొనుక్కున్నవి. జనరేటరు కలిపేటప్పుడు రెండు సరఫరాలూ ఎన్నడూ కలవకుండా, న్యూట్రల్‌తో సహా మార్చే నాలుగు ధ్రువాల మార్పిడి స్విచ్చి పెట్టవలెను. లేకపోతే జనరేటరు విద్యుత్తు వెనుకకు వీధి తీగలలోకి పోయి, స్తంభంపై పనిచేస్తున్న లైన్‌మన్‌ను చంపగలదు.

పవర్ ఫాక్టరును గూర్చి ఇక్కడ ఎక్కువ చెప్పలేము. మోటారుకు తగిన కెపాసిటరు కలిపి దానిని 0.7 నుండి 0.95కు పెంచితే సరఫరా తీగలలో ప్రవాహం నాలుగవ వంతుకు పైగా తగ్గుతుందని తెలుసుకుంటే చాలును. అప్పుడు పాత ప్రధాన తీగపైననే మరొక చిన్న యంత్రానికి అవకాశం కలుగవచ్చు.

పని చేయించవలసినది లైసెన్సు గల కాంట్రాక్టరు చేత. యంత్రాలు పెరిగినప్పుడు విద్యుత్ సంస్థ వద్ద మంజూరైన లోడును కూడ పెంచుకొనవలెను. దాచిన లోడు తనిఖీలో బయటపడితే అదనపు రుసుము తప్పదు. పని ముగిసిన పిదప మెగ్గరుతో తొడుగుల నిరోధాన్ని పరీక్షించి, ఆ సంఖ్యలను తేదీతో వ్రాయించుకొనవలెను. తరువాత ఏటేటా చేసే పరీక్షలో సంఖ్య దిగుతున్నదంటే ఎక్కడో తొడుగు చెడుతున్నదని అర్థం. ఏ స్విచ్చి ఏ యంత్రానిదో, ఏ పైపులో ఎన్ని తీగలు ఉన్నాయో, వాటి మందం ఎంతో చూపే ఒక పటం గీయించి ప్రధాన బోర్డు తలుపు లోపలివైపు అంటించవలెను. కొత్త యంత్రం తెచ్చిన ప్రతిసారీ ఆ పటంపై దానిని చేర్చి, మొత్తం ఆంపియర్లను తిరిగి కూడి చూసిన తరువాతనే దాని తీగ కలుపవలెను.