తవ్వింది రాగి... పండింది యుద్ధం!

విదేశీ కంపెనీ వచ్చింది. కొండను తవ్వింది. దేశ ఖజానా నిండింది. ఆ కొండ తమదనుకున్న వాళ్ల చేతిలో మాత్రం చిల్లర మిగిలింది. ఆ చిల్లర లెక్కే చివరికి అంతర్యుద్ధానికి దారితీసింది. ఓ చిన్న దీవి చెప్పే పెద్ద పాఠమిది.

మన ఇళ్ల గేట్ల మీద ఎగబాకే కాగితపు పూల తీగ బోగన్‌విల్లా తెలుసు కదా! ఓ ఫ్రెంచి నావికుడి పేరు అది. పసిఫిక్ మహాసముద్రంలో ఓ దీవికీ ఆయన పేరే పెట్టారు. అదే బోగన్‌విల్. పాపువా న్యూగినీ దేశంలో ఓ భాగం. అక్కడ చాలాచోట్ల భూమి ఆడవాళ్లది. తల్లి నుంచి కూతురికి వస్తుంది.

1960ల్లో ఆ దీవి నడిమధ్య పాంగునా కొండల్లో రాగి బయటపడింది. అప్పటికి పెత్తనం ఆస్ట్రేలియాది. రియో టింటో గ్రూపు కంపెనీతో 1967లో ఒప్పందం కుదిరింది. 'నేల మీద పెరిగేది మీది, నేల కింద దొరికేది ప్రభుత్వానిది' అన్నారు అధికారులు. ఊళ్లోవాళ్లకు ఆ మాట అర్థంకాలేదు. చెట్టు తమదైతే దాని వేళ్ల కిందున్న మట్టి ఇంకొకరిదెలా అవుతుంది?

1969లో గని అవసరాల కోసం రొరొవానా తీరంలో భూమి కొలవడానికి వచ్చారు. ఆడవాళ్లు ముందుకొచ్చి హద్దు గుర్తులు పీకేశారు. పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో వాళ్లను చెదరగొట్టారు. గని పని ఆగలేదు. 1972లో ఉత్పత్తి మొదలైంది.

ఆరు రూపాయల పావలా

1975లో పాపువా న్యూగినీ స్వతంత్ర దేశమైంది. పాంగునా ఆ కొత్త దేశానికి కామధేనువు. ఒక దశలో ఎగుమతుల ఆదాయంలో దాదాపు 45 శాతం ఆ ఒక్క గని నుంచే వచ్చేది. కంపెనీలో సగానికి పైగా వాటా విదేశీ సంస్థది. ప్రభుత్వానికీ దాదాపు అయిదో వంతు ఉంది. పన్నులు సరేసరి.

మరి భూమి ఇచ్చినవాళ్లకు? ఒప్పందం ప్రకారం రాయల్టీ 1.25 శాతం. అందులో 95 శాతం రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్లేది. మిగిలిన 5 శాతం భూ యజమానులకు. మన లెక్కలో చెప్పాలంటే పదివేల రూపాయల రాగి అమ్మితే రాయల్టీ నూటపాతిక. అందులో భూమి ఉన్నవాళ్లందరికీ కలిపి దక్కేది ఆరు రూపాయల పావలా! పోయిన నేలకూ చెట్లకూ పరిహారం విడిగా ఉండేది. అదీ చాలడం లేదన్నది జనం మాట.

పోయిందేమో లెక్కకట్టలేనిది. గని నడిచిన పదిహేడేళ్లలో వందకోట్ల టన్నులకు పైగా వ్యర్థాలు నదిలోకి వెళ్లాయి. చేపలు పోయాయి. తోటల్లోకి బురద చేరింది. పనుల కోసం బయటి నుంచి వేలమంది వచ్చి స్థిరపడ్డారు.

ఫ్రాన్సిస్ ఓనా ఆ గనిలోనే పనిచేసేవాడు. 1987లో ఆయనా, పర్పెటువా సెరెరో అనే మహిళా కలిసి భూ యజమానుల కొత్త సంఘానికి నాయకులయ్యారు. నష్టపరిహారంగా వెయ్యికోట్ల కినాలు ఇవ్వాలన్నారు. కినా అంటే అక్కడి డబ్బు. అంత ఇచ్చే ప్రసక్తే లేదని తేలిపోయింది. 1988 నవంబరులో గనిలోంచి పేలుడు పదార్థాలు మాయమయ్యాయి. కరెంటు స్తంభాలు కూలాయి. 1989 మే 15న గని మూతపడింది. మళ్లీ తెరుచుకోలేదు.

ఎందుకు తగ్గలేదు?

డబ్బు దగ్గర మొదలైన గొడవ డబ్బుతో తీరిపోవాలి కదా! కానీ, దేశం బతికేదే ఆ గని మీద. దాన్ని వదులుకుంటే ఖజానా ఖాళీ. ఇక్కడ దిగివస్తే రేపు మిగతా గనుల దగ్గరా అదే పేచీ. పెట్టుబడిదారులు భయపడిపోతారు. ప్రభుత్వం అలా ఆలోచించింది. పోలీసుల్ని, తర్వాత సైన్యాన్ని దింపింది. ఊళ్లు తగలబడ్డాయి. అప్పటిదాకా గొడవ మనకెందుకులే అనుకున్నవాళ్లు కూడా తిరుగుబాటుదారుల వైపు వెళ్లారు.

బట్టల ఫ్యాక్టరీ అయితే గొడవ మొదలవగానే యంత్రాలు సర్దుకుని ఇంకో దేశం పోతుంది. ఆ భయంతోనైనా పాలకులు శాంతి కోరుకుంటారు. గని అలా కాదు. రాగి ఎక్కడుంటే అక్కడే తవ్వాలి. అందుకే అది పోరాడి దక్కించుకోవాల్సిన ఆస్తి అవుతుంది. ముడి సరుకుల ఎగుమతుల మీదే ఎక్కువగా ఆధారపడే దేశాల్లో అంతర్యుద్ధాల ముప్పు అధికమని పాల్ కోలియర్ వంటి ఆర్థికవేత్తలు చెప్పింది అందుకే.

1990లో సైన్యం వెనక్కి తగ్గి దీవిని దిగ్బంధించింది. మందుల్లేవు, డీజిల్ లేదు. దీవివాసులు కొబ్బరినూనెతో వాహనాలు నడిపారు. గని తుక్కుతో తుపాకులు చేశారు. వాళ్లలో వాళ్లకే చీలికలొచ్చి ఒకరినొకరు చంపుకున్నారు. రెండు లక్షలమంది కూడా లేని దీవిలో 10 నుంచి 20 వేలమంది చనిపోయారని అంచనా. అందులో తూటాకు పోయినవాళ్లే కాదు, మందు అందక పోయినవాళ్లూ ఉన్నారు.

1997లో ప్రధాని జూలియస్ చాన్ ప్రభుత్వం 3.6 కోట్ల డాలర్లకు కిరాయి సైనికుల్ని రప్పించింది. సొంత సైన్యాధిపతే ఎదురుతిరిగి వాళ్లను వెనక్కి పంపేశాడు. చాన్ పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాదే కాల్పుల విరమణకు దారి పడింది. 2001లో శాంతి ఒప్పందం కుదిరింది.

మనకూ ఉంది ఓ లెక్క

అదే 1997లో మన సుప్రీంకోర్టు 'సమత' కేసులో తీర్పిచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గనుల కోసం భూముల్ని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదంది. పదేళ్ల తర్వాత విశాఖ మన్యంలోని బాక్సైట్ కోసం దుబాయి పక్కనున్న రస్ అల్ ఖైమాతో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. గిరిజనులు ఒప్పుకోలేదు. ఆ కొండల మీద బాక్సైట్ తవ్వకం మొదలుకాలేదు. ఇక్కడా మావోయిస్టులుండేవారు, తుపాకులు పేలాయి. కానీ, జనానికి వెళ్లి చెప్పుకోవడానికి ఓ కోర్టు ఉంది.

మళ్లీ అదే గని

2016లో రియో టింటో తన వాటాను ఉచితంగా ఇచ్చేసి పక్కకు తప్పుకుంది. 2019 రెఫరెండంలో 97.7 శాతం బోగన్‌విల్ వాసులు స్వాతంత్ర్యం కావాలన్నారు. ఒకప్పటి తిరుగుబాటు కమాండర్ ఇష్మాయెల్ టొరొయామా 2020లో అక్కడ అధ్యక్షుడయ్యాడు. 2027 సెప్టెంబరు 1 నాటికి స్వతంత్ర దేశం కావాలన్నది వాళ్ల లక్ష్యం.

కొత్త దేశం నడవాలంటే డబ్బు కావాలి. ఎక్కడుంది? పాంగునాలో! గని మూయించిన వాళ్లే ఇప్పుడు మళ్లీ తెరుద్దామంటున్నారు. పెట్టుబడి మళ్లీ బయటి నుంచే రావాలి.

వస్తే తప్పేం లేదు. ఈసారి కొలతల గొలుసు పట్టుకెళ్లే ముందు ఆ నేల గల తల్లుల్ని అడుగుతారా? ఆరు రూపాయల పావలా లెక్కను మారుస్తారా? దీవి భవిష్యత్తు తేలేది అక్కడే.