దస్తావేజుల్లో దాగిన కులం

ఆలేరు వాగుకు అడ్డుకట్టగా 1916లో మొదలైన పోచారం ప్రాజెక్టు 1922లో పూర్తయింది. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి ప్రాంతాల పొలాలకు నీరిచ్చిన ఆ కట్టను గురించి రాసేవారు నిజాం పాలననూ, ఇంజనీర్ల నేర్పునూ స్మరిస్తారు. కానీ నీరు పారిన భూమికి విలువ పెరుగుతుంది, విలువ పెరిగిన భూమి చుట్టూ కాగితాలు పుడతాయి. ఆ కాగితాల పేర్లను విప్పి చూసినప్పుడు, మట్టిలో దిగిన చేయి ఎవరిది, కాగితం పట్టిన చేయి ఎవరిది అన్న ప్రశ్న నాకు ఎదురవుతూనే ఉంది.

దస్తావేజునే తీసుకోండి. పారసీలో 'దస్త్' అంటే చేయి, 'ఆవేజ్' అంటే వేలాడటం. ఆపద వేళ చేయి పట్టుకుని వేలాడదగిన ఆధారమే దస్తావేజు. దస్కతు కూడా అదే చేతి నుంచి పుట్టింది: దస్త్, ఖత్, అంటే చేతిరాత. చేతిని ఇంతగా తలచుకున్న ఈ మాటలు నాగలి పట్టిన చేతికి మాత్రం చోటివ్వలేదు. దానికి దక్కింది నిశానీ, అంటే ఉత్త గుర్తు. బడి గడప తొక్కనివ్వని సమాజమే, నీకు రాయడం రాదు కనుక వేలు ఇమ్మంది. ఈ దేశంలో వేలు అడగడం ద్రోణుడితో ఆగిపోలేదు.

సర్కారు భాష మొదట పారసీ, 1880ల తర్వాత ఉర్దూ కావడమే దీనికంతటికీ కారణమని కొందరు పెద్దలు అంటుంటారు. ఆ వాదన సగమే నిజం. తెలుగు పల్లెకు ఆ భాషలు పరాయివే అయినా, పట్వారీగిరిని వంశపారంపర్యంగా నడిపిన కుటుంబాలు వాటిని నేర్చుకోగలిగాయి. అడ్డుపడింది భాష కన్నా ముందు కులం.

కాగితం లేకుండానే నడిచిన ఒప్పందం వెట్టి. సంస్కృత 'విష్టి' నుంచి వచ్చిన మాట ఇది. గుజరాత్‌ను ఏలిన మైత్రక రాజుల రాగిరేకుల్లో దానమిచ్చిన భూమితో పాటు అక్కడి విష్టి కూడా దానమైపోయింది. దానం పట్టినవారికి రాగిరేకు మిగిలింది, పని చేసినవారికి ఏ రేకూ లేదు. ఇక జీతం అన్న మాటకు మూలం 'జీవితం'. నిఘంటువులు దీన్ని వికృతి అని మామూలుగా నమోదు చేస్తాయి. జీతగాడి బతుకు తెలిసినవారికి మాత్రం ఆ మాట మామూలుగా వినిపించదు. అప్పు పత్రం మీద వేలిముద్ర వేసి ఏళ్ల తరబడి దొర ఇంట ఉండిపోయిన మనిషిని నిజాం రాజ్యంలో భగేలా అన్నారు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం తన నిర్వచనంలో దేశంలోని ఇలాంటి పేర్లన్నీ వరుసగా చెప్పింది. భగేలా, జీత, పాలేరు, వెట్టి ఆ వరుసలో ఉన్నాయి. తెలుగు నేల నుంచి ఆ చట్టానికి ఎక్కిన మాటలు ఇవీ!

కౌలు కథ వేరు. అరబ్బీ 'కౌల్' అంటే నోటి మాట, వాగ్దానం. పూర్వం సర్కారు రైతుకిచ్చే రాతపూర్వక హామీని కౌలునామా అనేవారు. ఇప్పుడు రాత పోయి మళ్లీ నోటిమాటే మిగిలింది. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారుకు యాజమాన్య హక్కు దాకా దారి చూపింది. దాంతో భూస్వాములు కౌలును కాగితం మీద పెట్టడానికే భయపడ్డారు. చట్టం వచ్చింది, సాక్ష్యం మాయమైంది. నేటి కౌలు రైతు బ్యాంకు ముందు నిలబడితే చూపడానికి ఏమీ లేనిది అందుకే.

'బై' అంటే అమ్మకం, 'సాదా' అంటే మామూలు. తెల్ల కాగితం మీద రాసుకున్న అమ్మకం సాదాబైనామా. రిజిస్ట్రేషన్ ఖర్చు భరించలేని పేదలు, ముఖ్యంగా దళిత, వెనుకబడిన కులాల వారు, పెద్దమనుషుల సాక్షి సంతకాలను నమ్మి ఇలాగే భూములు కొన్నారు. 2020లో ప్రభుత్వం వీటి క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిస్తే లక్షల్లో వచ్చాయి. అదే ఏడాది వచ్చిన కొత్త చట్టంలో వాటికి చోటు లేకపోవడంతో అవి కోర్టు గుమ్మంలో నిలిచిపోయాయి. 2025 భూభారతి చట్టం దాకా వాటికి కదలిక లేదు.

పట్టాలోనూ తేడాలున్నాయి. ఒకరిది ఉత్త పట్టా. దళితుడిది లావుణి పట్టా. మరాఠీలో 'లావణీ' అంటే నాటడం, సాగులోకి తేవడం. బీడును సాగులోకి తెచ్చినందుకు దక్కిన ఆ భూమిని అమ్ముకునే హక్కు లేదు. 1977 చట్టం ఆ నిషేధాన్ని రక్షణ కోసమే పెట్టింది, దాన్ని నేను కాదనను. కానీ ప్రాజెక్టుకో పరిశ్రమకో భూమి కావలసినప్పుడు ప్రభుత్వం కన్ను ముందుగా పడేది అసైన్డ్ భూమి మీదే.

ఊరి చాకిరీకి కట్టుబడిన సేత్‌సింధీని చూడండి. మూలం మరాఠీ 'శేత్ సనదీ': సనదు మీద పొలం పొందినవాడు. పేరులో పొలమూ ఉంది, పత్రమూ ఉంది. తెలంగాణ పల్లెలో ఆ పేరు వినగానే తలపాగా తీసి గడీ ముందు చేతులు కట్టుకున్న మనిషే గుర్తొస్తాడు.

పహాణీ కూడా మరాఠీ నుంచే వచ్చింది. 'పాహణే' అంటే చూడటం. పొలానికి వెళ్లి, అక్కడ ఎవరు సాగు చేస్తున్నారో కళ్లారా చూసి రాసుకోవడమే దాని అసలు పని. 1954-55 ఖాస్రా పహాణీని నేటికీ కోర్టులు తిరగేసేది అందుకే. ధరణి వచ్చాక ఆ పహాణీలో అనుభవదారు కాలమ్‌ను తీసేశారు.