అక్కడి ఎం.డి., ఇక్కడి ఎం.డి. ఒకటి కాదు

స్కాలర్‌షిప్ ఫారాలు తీసుకునే రోజుల్లో నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టర్‌గారూ, మా బాబు రష్యాలో ఆరేళ్ళు చదివితే నేరుగా ఎం.డి. అయి వస్తాడట కదా?" ఇది ఏజెంట్లు నేర్పిన మాట. రష్యా, కిర్గిజ్‌స్థాన్, ఫిలిప్పీన్స్‌లలో ఎం.డి. పేరుతో ఇచ్చే పట్టా మన ఎం.బి.బి.ఎస్.తో సమానం, అంతే. పిల్లల డాక్టరు, ఎముకల డాక్టరు కావాలంటే ఆ తర్వాత పి.జి. వేరుగా చదవాలి.

ఆ పి.జి. దాకా రావడమే కష్టం. విదేశీ పట్టాతో వచ్చినవారికి 2002 నుండి స్క్రీనింగ్ పరీక్ష ఉన్నది. 300 ప్రశ్నలలో 150 సరిగా రాయాలి. రాసినవారిలో తరచుగా మూడోవంతు కూడా పాసు కావడం లేదు. పాసయ్యాక మన దేశంలో ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్, ఆపైన నీట్-పి.జి. అక్కడ ఆస్పత్రిలో రోగి చెప్పేది రష్యన్ భాషలో. అది రాని పిల్లవాడు వార్డులో నిలబడి నేర్చుకునేది ఎంత? ఆ లోటు ర్యాంకులో బయటపడుతుంది, ర్యాంకును బట్టే బ్రాంచి.

ఇంకొక విషయం చాలామందికి తెలియదు. నివాసాన్ని బట్టి పి.జి. సీట్లలో రిజర్వేషన్ చెల్లదని, చదివిన సంస్థను బట్టి కొంతమేరకు ప్రాధాన్యం ఇవ్వవచ్చని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే సోలాపూర్‌లో పుట్టి పెరిగానన్నది అక్కడ అక్కరకు రాదు. మన వైశంపాయన్ కాలేజీలో ఎం.బి.బి.ఎస్. చేసినవారికి దొరకగల ప్రాధాన్యం బయటి దేశంలో చదివినవారికి ఉండదు. ప్రభుత్వ కాలేజీలలో సగం సీట్లు అఖిల భారత కోటాలో ఉన్నాయి, వాటికి పోటీ పడవచ్చు. డి.ఎన్.బి. సీట్లూ ఉన్నాయి.

వెళ్ళవద్దని నేననను. కానీ కారఖానాలో మగ్గాలు అమ్మి డబ్బు కట్టేముందు 2021 నవంబరు నాటి నిబంధనలు చూడండి. కోర్సు 54 నెలలకు తగ్గకూడదు, నాలుగేళ్ళంటే 48 నెలలే. బోధన ఇంగ్లీషులో ఉండాలి. 12 నెలల ఇంటర్న్‌షిప్ అక్కడే చేయాలి. ఆ దేశంలో వైద్యం చేయడానికి అక్కడి పౌరులతో సమానంగా లైసెన్సు దొరకాలి. చివరిదాన్ని ఏజెంటు నోటిమాటగా కాక, కాలేజీ నుండి కాగితం మీద తెప్పించుకోండి. బయలుదేరేముందు నీట్‌లో అర్హత మార్కులు వచ్చి ఉండాలన్నది 2018 నుండి తప్పనిసరి. ఆ మార్కుల కాగితం జిరాక్సు ఫారంతో జతపరచగలరు.