లెక్కలు చెప్పబోవువారు నేర్వవలసిన లెక్కలు

గడచిన సంవత్సరము ఉపాధ్యాయశిక్షణము పొందుచున్నవారు కొందఱు అభ్యాసపాఠములు చెప్పుటకై మా ప్రాథమిక తరగతులకు వచ్చిరి. వారిలో నొక యువతి మూడవతరగతి పిల్లలకు తీసివేత చెప్పుచుండగా మేము వెనుకబల్లపై కూర్చుండి వినుచుంటిమి. ఆమె నల్లబల్లపై 52 వేసి, దాని క్రింద 27 వేసి, "రెండులోనుండి ఏడు పోదు, కావున ప్రక్కనున్న అయిదు నడిగి ఒకటి అప్పు తెచ్చుకొందము, రెండు పండ్రెండైనది" అని చెప్పి, శేషము 25 అని వ్రాసెను. లెక్క సరియైనదే. అంతలో ముందువరుసలోని చిన్నది యొకతె లేచి, "టీచరుగారూ, ఆ అప్పు మళ్లీ ఎప్పుడు తీరుస్తారండీ?" అని యడిగెను. తరగతియంతయు నవ్వెను. ఆ యువతియు నవ్వి, "అది లెక్కలో పద్ధతి, కూర్చో" అనెను. పిల్ల కూర్చుండెను. ఆ గంటలో మరల చేయి యెత్తలేదు.

అది అల్లరిప్రశ్న కాదు. అడిగినది ఒకటి, వచ్చి చేరినది పది. తీర్చవలసిన పనియు లేదు. ఇట్టి యప్పు లోకములో నెచ్చట దొరకును? నిజమునకు ఎవరివద్దనుండియు ఏమియు తేలేదు. అయిదు పదులలో నొక పదిని విప్పి పది ఒకట్లుగా జేసితిమి. ఇప్పుడున్నవి నాలుగు పదులు, పండ్రెండు ఒకట్లు. మొత్తము మాత్రము ఏబదిరెండే. నలువది, అఱువది, డెబ్బది అను మాటల చివర మన "పది"యే దాగియున్నదని చూపినచో పిల్లలు మిగుల సంతోషింతురు. ఇది మా యనుభవము.

"రెండులోనుండి ఏడు పోదు" అనుటయు జాగ్రత్తగా అనవలసిన మాట. ఆ పిల్లయే పైతరగతికి పోయి ఋణసంఖ్యలు నేర్చునప్పుడు, పోవుననియే చెప్పుదుము. ఈలోపల ఆ మాటనే నమ్మిన బాలుడు ఏడులోనుండి రెండు తీసి 35 అని వ్రాయును. సూత్రము మాత్రమే యెఱిగినవారు దానిని కొట్టివేసి సూత్రమును మరల వల్లింతురు. కారణ మెఱిగినవారు బాలుని యూహ యెచ్చట ప్రక్కదారి పట్టినదో కనిపెట్టుదురు.

ఆ యువతిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. తెలుగు రాష్ట్రములు రెంటను ఇంటర్మీడియట్ పిమ్మట రెండేండ్ల శిక్షణతో ప్రాథమికోపాధ్యాయులు కావచ్చును. అట్లు చేరువారిలో చరిత్ర, పౌరశాస్త్రములు చదివివచ్చినవారికి పదవతరగతి తరువాత గణితమును ముట్టవలసిన యగత్యమే కలుగలేదు. చిన్నపిల్లల లెక్కలే గదా యని వారును అనుకొందురు, మనమును అనుకొందుము.

ఈ లోపము మనకే చెందినది కాదు. చైనాదేశమున బాల్యములో చదువు నిలిచిపోయి, పల్లెకు పంపబడి, అచ్చట పిల్లలకు చదువు చెప్పి, పిమ్మట అమెరికాలో పరిశోధన చేసిన లిపింగ్ మా యను విదుషి 1999లో నొక గ్రంథము ప్రకటించెను. ఆమె అమెరికా ఉపాధ్యాయులు 23 మందిని, చైనా ఉపాధ్యాయులు 72 మందిని కొన్ని చిన్నలెక్కలే అడిగెను. వానిలో నొకటి: ఒకటిముప్పావును అరచేత భాగించి, ఆ లెక్కకు సరిపడు కథ యొకటి చెప్పవలెను. చైనావారందఱును సరిగా భాగించిరి. అమెరికావారిలో పూర్తిగా సరియైన ఫలము తెచ్చినవారు 9 మంది. సరిపడు కథ చైనావారిలో 65 మందికి తోచెను, అమెరికావారిలో ఒక్కరికి. ఇంత కొలదిమందిని బట్టి రెండు దేశముల తారతమ్యమును నిర్ణయింపరాదు. మమ్ము ఆశ్చర్యపఱచినది వేఱొకటి. ఎక్కువ యేండ్లు చదివినవారు అమెరికావారే! చైనావారిలో పెక్కురు తొమ్మిదవతరగతి పిమ్మట రెండుమూడేండ్ల శిక్షణ మాత్రమే పొందినవారు. అయినను పాఠ్యపుస్తకమును తాము శ్రద్ధగా చదువుచు, తోడివారితో చర్చించుచు, బోధించు కాలములోనే వారు నేర్చుకొనిరి.

చదువరులును ఒక కథ యల్లి చూడవచ్చును. "ఒకటిముప్పావు కిలోల శనగలను ఇద్దఱికి సమముగా పంచుము" అందురు పలువురు. అది రెంటిచేత భాగించుట, అరచేత గాదు. "అరకిలో పొట్లములు కట్టిన ఎన్ని యగును?" అనినచో సరిపోవును. మూడు పొట్లములు కట్టగా పావుకిలో మిగులును. అయినను ఫలము మూడుంబావు గాదు, మూడున్నర. ఏలయన, మిగిలిన పావుకిలో ఒక పొట్లములో సగము. ఫలమును లెక్కించునది కిలోలలో గాదు, పొట్లములలో. కిలోకు రెండేసి పొట్లములు గనుకనే "తలక్రిందులు చేసి గుణింపుము" అను సూత్రము పుట్టినది. సూత్రము ఫలమును తెచ్చును గాని యీ సంగతి చెప్పదు. కిరాణాదుకాణములో పొట్లములు కట్టువానికి సూత్రము లేకయే యిది తెలియును.

కావున శిక్షణాలయములలో పాఠపథకముల పత్రములు నింపుటకు, రంగుకాగితములు కత్తిరించుటకు వెచ్చించు కాలములో సగమైనను, మూడవతరగతి లెక్కలనే కారణములతో మరల చేయుటకును, పిల్లల తప్పులను ముందిడుకొని చర్చించుటకును కేటాయింపవలెనని మా యభిప్రాయము.

ఆనాటి సాయంకాలము ఆ యువతితో ఈ సంగతులే మాటలాడితిమి. మఱునాడు ఆమె చీపురుపుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టి తెచ్చెను. ఆ చిన్నదానినే పిలిచి, అయిదు కట్టలును రెండు విడిపుల్లలును చేతికిచ్చి, ఇరువదియేడు తన కిమ్మనెను. పిల్ల రెండు కట్టలిచ్చి, రెండు పుల్లలిచ్చి, కొంచెమాగి, ఒక కట్ట దారము విప్పి అయిదు తీసి యిచ్చెను. "ఇది అప్పు కాదండీ, చిల్లర మార్చడం!" అనెను. ఒకట్లనుండియే మొదలుపెట్టవలెనని మేము బల్లపై నేర్పితిమి, చేతితో చేయునప్పుడు ఆ పిల్ల పదులనుండి మొదలిడెను, మిగిలినవి ఇరువదియైదే.

గంట కొట్టినను ఆ యువతి పోలేదు. 402లోనుండి 157 తీయవలసివచ్చినచో, పదులచోట సున్నయే యున్నది గదా, దేనిని విప్పవలెనని మమ్ముల నడిగెను. నూరేసి పుల్లల కట్టలు నాలుగు కట్టుటకు ఆమె తెచ్చిన చీపురు చాలదు. కాగితముపై నూరురూపాయల నోట్లు నాలుగు గీసికొని, ఒకదానిని పదినోట్లుగా మార్చి, వానిలో నొకదానిని రూపాయలుగా మార్చి, మూడు నూర్లు, తొమ్మిది పదులు, పండ్రెండు ఒకట్లు అని తేలువఱకు ఆమెయు మేమును ఆ బల్లయొద్దనే కూర్చుంటిమి.