షాద్‌నగర్‌లో ఉపగ్రహ చిత్రములను అందుకొను విధము

రేడియోలో వార్తలు వినగోరినచో, వేళ కాకమునుపే మనము స్టేషను త్రిప్పి ఉంచుకొందుము. షాద్‌నగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమువారి భూకేంద్రమున ఉపగ్రహ చిత్రములను అందుకొనుటయు అట్టిదే.

1988 మార్చి 17న ప్రయోగింపబడిన ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహము 904 కిలోమీటర్ల ఎత్తున పరిభ్రమించెను. ఒక్కొక్క పర్యాయము అది కేంద్రమునకు అందుబాటులో నుండినది సుమారు పావుగంట లోపే. అది దిగంతమున పొడచూపకమునుపే ఏంటెనా ఏ దిక్కునకు తిరుగవలెనో, ఏ తరంగమును పట్టవలెనో, చిత్రము అంకెల రూపమున ఏ వేగముతో వచ్చునో యంత్రములకు ఆదేశముల ద్వారా తెలుపవలెను. ఆదేశము తప్పినచో చిత్రము దక్కదు. ఆ ఉపగ్రహము మరల అదే నేలమీదుగా వచ్చుటకు 22 దినములు పట్టెడిది. ఈలోపల పైరు ఎండవచ్చును, చెరువు తెగవచ్చును.

అదును తప్పిన సేద్యమెట్టిదో ఎరిగిన మనకు ఈ ముందుజాగ్రత్త విలువ వేరుగ చెప్పనక్కరలేదు.