వెల్లకిల ఎగిరిన వైమానికుడు

కమలాపురం పొలాలమీద ఎండ మండిపోయే మధ్యాహ్నవేళ గద్ద రెక్క విదల్చకుండా సుళ్ళు తిరుగుతూ పైకి పోవడం ఆ సీమ విద్యార్థులకు నిత్యదృశ్యమే. 2015లో కడప విమానాశ్రయం తిరిగి తెరచిన తరువాత విమానం కూడ వారికి వింత కాకపోయినది. అయితే గద్ద గాని, ప్రయాణికుల విమానం గాని వెల్లకిలగా ప్రయాణం చేయదు. అట్లు ఎగరడమే ఒక విద్యగా అభ్యసించినవారున్నారు. వారిలో నీల్ విలియమ్స్ అనే బ్రిటిష్ వైమానికుని కథ భౌతికశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ వినదగినది.

గగనవిన్యాసాలంటే మనవారికి వెంటనే స్ఫురించేది 1996లో బీదరులో ఏర్పడిన భారత వైమానికదళపు ‘సూర్యకిరణ్’ బృందం. అది ప్రదర్శన. పోటీ వేరు. పోటీలో ఒక్కడే వైమానికుడు, ఒక్కటే విమానం. నిర్ణీతమైన హద్దులు దాటకుండా, ముందుగా వ్రాసియిచ్చిన వరుసలో లూపులు, పల్టీలు, నిట్టనిలువు ఆరోహణలు చేసి చూపాలి. క్రింద కూర్చున్న న్యాయనిర్ణేతలు గీత ఏ మాత్రం వంకరపోయినా మార్కులు తగ్గిస్తారు. ఈ విన్యాసాలను కాగితంమీద వ్రాసుకొనేందుకు అరెస్తీ అనే స్పెయిన్ దేశీయుడు ఒక లిపినే కల్పించినాడు. మొదటి ప్రపంచ పోటీలు 1960లో బ్రాటిస్లావా నగరంలో జరిగినవి. చెకోస్లోవేకియాకు చెందిన బెజాక్ ఆ దేశంలోనే తయారైన జ్లిన్ విమానంపై జగజ్జేత అయినాడు.

విలియమ్స్ పోటీలలో నడిపినదీ జ్లిన్ విమానమే. అతడు రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో పనిచేసి, పరీక్షక వైమానికుడుగా శిక్షణ పొందినవాడు. కొత్త విమానం ఎక్కడ మొరాయిస్తుందో, ఎందుకు మొరాయిస్తుందో గాలిలోనే గమనించి చెప్పడం ఆ వృత్తి. బ్రిటిష్ విన్యాస పోటీలలో పెక్కుసార్లు విజేతగా నిలిచినాడు. పాతకాలపు విమానాలను ప్రదర్శనలలో నడపడమన్నా అతనికి మక్కువే.

1970లో ప్రపంచ పోటీలు ఇంగ్లండులోని హల్లావింగ్‌టన్ విమానస్థలంలో జరుగనున్నవి. జూన్ 3వ తేదీన విలియమ్స్ అక్కడ సాధన చేస్తున్నాడు. ఒక విన్యాసం ముగించి విమానాన్ని సమతలానికి తెస్తున్నాడు. అట్టి సమయంలో రెక్కలపై పడే భారం విమానపు బరువుకు సుమారు ఐదింతలు. పెద్ద చప్పుడైనది. విమానం ఎడమకు ఒరిగిపోసాగినది. చూస్తే ఎడమరెక్క మొదలు దగ్గర విరిగి పైకి మడుచుకొనిపోతున్నది. ఎత్తు వేయి అడుగుల ప్రాంతం. వీపున పారాచూటు లేదు.

రెక్కలోని ప్రధానమైన దూలాన్ని విమానం నడుముకు బిగించే అతుకు పైన ఒకటి, క్రింద ఒకటి ఉంటవి. మామూలుగా ఎగిరేటప్పుడు గాలి రెక్కలను పైకి నెట్టుతుంది. నడుమనున్న బరువు క్రిందికి లాగుతుంది. అప్పుడు క్రింది అతుకుపై లాగుడు, పై అతుకుపై నొక్కుడు పడుతుంది. మాటిమాటికి పడే భారంవల్ల అలసిన లోహం క్రింది అతుకు దగ్గర తెగిపోయినది. ఇక తలుపు బందుమీద తిరిగినట్లు రెక్క పై అతుకుమీద తిరుగుతున్నది.

భూమి దగ్గరపడుతుండగా విలియమ్స్‌కు ఒక సంగతి జ్ఞప్తికి వచ్చినది. ఒక బల్గేరియా వైమానికుడు వెల్లకిల ఎగురుతుండగా పై అతుకు విరిగిందనీ, విమానం తిరగబడి మామూలు స్థితికి రాగానే రెక్క యథాస్థానానికి వచ్చి అతడు క్షేమంగా దిగినాడనీ పూర్వం విని ఉన్నాడు. తనకు విరిగినది క్రిందిది. కనుక తాను చేయవలసినది దానికి విపర్యయం. సుమారు 300 అడుగుల ఎత్తున విమానాన్ని వెల్లకిల త్రిప్పినాడు. ధడేలున రెక్క తన చోటికి వచ్చి కూర్చున్నది.

దీనిలో మంత్రమేమీ లేదు. కమలాపురం, ఎఱ్ఱగుంట్ల ప్రాంతాలలో సున్నం లేకుండా నాపరాళ్ళు పేర్చిన గోడను చూచినవారికి ఈ సూత్రం సులభంగా బోధపడుతుంది. ఆ రాళ్ళను ఒకదానితో ఒకటి కట్టినది ఏమీ లేదు. లాగితే విడిపోతవి, పైనుండి నొక్కితే ఎంత బరువైనా మోస్తవి. విమానం వెల్లకిల అయినప్పుడు లాగుడు పై అతుకుకు మారి, తెగిన క్రింది అంచులు ఒకదానినొకటి నొక్కుకొన్నవి.

అంతలో ఇంజను ఆగిపోయినది! నేలను తాకడం తప్పదని తలచి అతడు అంతకుముందే ఇంధనపు కుళాయి కట్టివేసినాడు. గ్రహించి తిరిగి తెరచినాడు. ఇంజను మరల పలికినది. వెల్లకిలగానే పైకి లేచి, దిగే మార్గం ఆలోచించసాగినాడు. వెల్లకిలగా దిగితే తల నేలకు కొట్టుకొంటుంది. కొంచెం త్రిప్పి చూస్తే రెక్క మళ్ళీ కదులుతున్నది. వెల్లకిలగా ఉన్నప్పుడు ఇంజనుకు అందే ఇంధనం కొద్ది నిమిషాలకే చాలుతుంది. చివరకు నేలకు అతి సమీపానికి వెల్లకిలగా వచ్చి, ఒక్క త్రిప్పున విమానాన్ని నిలువరించినాడు. రెక్క మడుచుకొనడం, పొట్ట నేలను తాకి జారిపోవడం దాదాపు ఒకేసారి జరిగినవి. వైమానికుడు నడచి బయటికి వచ్చినాడు.

పత్రికలు దీనిని సాహసమని ప్రశంసించినవి. సాహసం లేదనరాదు, కాని సాహసవంతులు ఎందరో అట్టి క్షణంలో విమానాన్ని వెల్లకిల త్రిప్పాలని తోచకనే ప్రాణాలు కోల్పోయి ఉందురు. ఇతరుల అనుభవాన్ని విని మరచిపోకపోవడం, దానిని తలక్రిందుచేసి తనకు అన్వయించుకొనడం, ఇవి రెండూ విద్యార్థి లక్షణాలు. బ్రిటిష్ ప్రభుత్వం అతనిని గగనయాన సేవకై రాణీ ప్రశంసతో గౌరవించినది.

1975లో విలియమ్స్ తన విద్యను ‘ఏరోబాటిక్స్’ అనే గ్రంథంగా వెలువరించినాడు. 1977 డిసెంబరు 11న పాత యుద్ధకాలపు నమూనాలో స్పెయిన్‌లో తయారైన ఒక బాంబరును మాడ్రిడ్ నుండి ఇంగ్లండుకు తరలిస్తుండగా, ప్రతికూల వాతావరణంలో అది కొండను ఢీకొన్నది. అతడు, అతని భార్య, మరి ఇద్దరు సహప్రయాణికులు మరణించినారు. ఆ రోజున అతడు చేయబోయినది విన్యాసం కాదు. విమానాన్ని ఒక చోటినుండి మరొక చోటికి చేర్చడం మాత్రమే.